మసిపట్టిన ఇత్తడి మూత

బండమీదపల్లెలో సముద్రాన్ని చూసిన మనిషి దాసప్ప ఒక్కడే. తక్కినవాళ్ళు చూసిన పెద్ద నీళ్ళంటే ఎప్పుడో పదేళ్ళకోసారి నిండే చెరువు. అది కడపట నిండింది ఏ ఏడాదో ముసలివాళ్ళను అడిగి చెప్పాలి. అందుకని కుళ్ళాయప్ప టీ అంగడి ముందు దాసప్ప ఓడ మాట ఎత్తితే ఊరికి అది ఖర్చులేని వినోదం.

"దాసప్ప మామా, ఆ యుద్ధంలో నీ చేతిలో ఏముండె?" అని బయ్యన్న అడిగేవాడు. బయ్యన్నకు దాసప్ప వరసైన మామే. ప్రతిసారీ అదే అడిగేవాడు.

"టీ ట్రే ఉండె."

"దాన్ని చూసి శత్రువులు పారిపోయినారా?"

"ఓడ మండతాంటే కూడా మా కమాండరు టీ అడిగినాడప్పా. పోసిచ్చినా. నువ్వయితే ఆ పొద్దు లోటా గూడా పట్టుకోలేవు, చేతులు వణికి."

అందరూ నవ్వేవాళ్ళు. దాసప్పా నవ్వేవాడు. ఇంటికొచ్చి మాత్రం మాటా పలుకూ లేకుండా సంగటి తినేవాడు. ఆ సంగతి ఆయన పెండ్లాం రామాంజినమ్మకు ఒక్కదానికే తెలుసు. తెలిసీ ఆమె ఏనాడూ ఓదార్చలేదు. "తాగేదానికి బిందెడు నీళ్ళు లేని ఊర్లో సముద్రం కథలు చెప్తే నవ్వక ఏడుస్తారా?" అనేది.

రామాంజినమ్మ నోటికి ఊరంతా దండం పెట్టేది. రెండో తరగతి దాకా చదివింది, ఆ చదువుతోనే కరెంటు బిల్లు తప్పు పట్టి లైన్‌మన్‌ను వీధి చివరిదాకా తరిమింది. మనిషి పని అంతకు మించి. ఆమె తోమిన ఇత్తడి చెంబులో ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చని చుట్టుపక్కల మూడూర్ల పేరు. చింతపండు, పొయ్యిలో బూడిద, కొబ్బరిపీచు. అంతే ఆమె సామాను. మసిపట్టిన ఇత్తడి ఆమె కంట పడకూడదు. చావు జరిగిన ఇంట్లో దివసం అయ్యేదాకా ఇత్తడి తోమరనీ, గూట్లో నల్లటి చెంబు కనబడితే వచ్చినవాళ్ళు ఎవరు పోయినారని అడుగుతారనీ ఆమెకు పుట్టింట్లో నేర్పారు. తప్పు నాది అన్న మాట మాత్రం ఆ పుట్టింట్లో ఎవరూ నేర్పినట్టు లేదు.

దాసప్ప పందొమ్మిదేళ్ళప్పుడు బెంగుళూరు పోయి నేవీలో చేరాడు. స్టీవార్డు పని, అంటే ఓడలో ఆఫీసర్లకు తిండీ టీ అందించడం. పదిహేనేళ్ళు చేసి ఊరికొచ్చి, అందరిలాగే వేరుశనగ వేసి, అందరిలాగే ఆకాశం చూస్తూ కూర్చున్నాడు. అందరిలా కానిది ఒక్కటే. డెబ్బై ఒకటి యుద్ధంలో ఆయన కమాండర్ గోరే ఓడ మీద ఉన్నాడు. నిప్పంటుకున్న ఓడను ఆ కమాండరు మునగనీయకుండా రేవుకు తెచ్చాడు. పేపర్లలో ఫోటోలు వేశారు, మెడల్ ఇచ్చారు, దేశమంతా ఆయన పేరు చెప్పుకుంది.

అయితే దాసప్ప ఆ ఓడ మనిషి కాడు. ఆ ఓడ స్టీవార్డు పెరేరా అనే గోవా మనిషికి కామెర్లు వస్తే, బయల్దేరేముందు పక్క ఓడ నుంచి దాసప్పను ఎక్కించారు. హడావుడిలో ఓడ మనుషుల పట్టీలో పేరు మార్చలేదు. కాగితం మీద ఓడలో ఉన్నది పెరేరా, మంటల్లో ఉన్నది దాసప్ప.

ఈ సంగతిని ఆయన చాలా ఏళ్ళు పట్టించుకోలేదు. తొంభై ఎనిమిదిలో హిందూపురం సంతలో బొరుగులు పొట్లం కట్టిచ్చిన కాగితంలో గోరే ఫోటో కనబడింది. కింద చచ్చిపోయిన వార్త. దాసప్ప బొరుగులు తువ్వాల్లో పోసుకుని, ఆ కాగితాన్ని మడత పడకుండా ఇంటికి తెచ్చాడు. అప్పటినుంచి పట్టుకుంది పిచ్చి.

కమాండరుకు సంబంధించినది, ఆ ఓడకు సంబంధించినది ఏది దొరికినా కూడబెట్టడం మొదలుపెట్టాడు. పాత జతగాళ్ళకు జాబులు రాశాడు. ఒకడు కోటు గుండీ పంపాడు, ఒకడు ఊదే పిల్లనగ్రోవి లాంటి ఇత్తడి ఈల పంపాడు. ఓడ విడగొట్టినప్పుడు పాత ఇనుము అంగళ్ళకు పోయిన సామాన్ల కోసం రెండుసార్లు బొంబాయి పోయాడు. లంగరు గుర్తు ఉన్న పగిలిన సాసరు, గుండ్రటి కిటికీ చట్రం, గంట నాలుక, ఒక జెండా పీలిక తెచ్చాడు. పూనాలో కమాండరు ఇంటి గేటు ముందు పొద్దంతా నిలబడితే ఆయన భార్య లోపలికి పిలిచి పాత టోపీ ఇచ్చిందట. వంటమనిషి రాలేదని ఆమె అంటే, దాసప్పే వంటింట్లోకి పోయి టీ కాచి ఇచ్చాడట.

"ఊరుగాని ఊర్లో దొరసానికి టీ కాచిచ్చి వచ్చినావా?" అంది రామాంజినమ్మ. "ఈడ పొయ్యి ముందర ఎప్పుడన్నా కూచున్న్యావా నువ్వు?"

"నువ్వు అడగల్యా కదే."

"అడిగితే ఇస్తావా?"

"అడిగి చూడు."

ఆమె అడగలేదు. అడగడం ఆమె అలవాట్లలో లేదు.

ఆ సామాన్లన్నిటిలోకీ దాసప్ప ప్రాణం పెట్టుకున్నది ఒక ఇత్తడి మూత. అది మాత్రం వెతికి తెచ్చుకున్నది కాదు, ఆ యుద్ధం నాడే ఓడ దిగుతూ వెంట తెచ్చుకున్నది. అరచేయంత ఉంటుంది. కమాండరు నిలబడే చోటు నుంచి కింద ఇంజను గది దాకా మాటలు పోయే గొట్టం ఉంటుంది, దాని మూత అది. మంటల్లో మాడి కాటుక పట్టినట్టు నల్లగా అయిపోయింది. కర్పూరం బిళ్ళలు వేసి, తెల్లగుడ్డలో చుట్టి పెట్టె అడుగున పెట్టేవాడు. ఒకసారి దాన్ని బయటికి తీసి, "ఇదో, దీని మింద..." అని మొదలుపెట్టాడు. రామాంజినమ్మ చేట చేతిలో పట్టుకుని లేచింది. "మసిమూత చూపిచ్చేదానికి పనిమాన్పి పిలుస్తావా? కూడు పెడతాదా అది?" అని గొర్రెల దొడ్డి వైపు పోయింది. దాసప్ప గుడ్డ మళ్ళీ చుట్టేశాడు. మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు.

రెండువేల మూడులో బొంబాయి నుంచి జాబు వచ్చింది. పాత నావికులు కొందరు సంఘం కట్టుకుని గోరే పేర ఒక హాలు కడుతున్నారు. ఆ రోజు ఓడ మీద ఉన్న ప్రతి మనిషి పేరూ నల్లరాతి గోడ మీద చెక్కిస్తారు. దాసప్ప రాసిన జాబుకు జవాబిది. పట్టీలో మీ పేరు లేదు, అయినా కమాండరు స్వహస్తంతో రాసిన అక్షరాలు ఉన్నాయంటున్నారు కాబట్టి మా మనిషి శశి వచ్చి చూసి, ఫోటో తీసుకుంటాడు, అది సరిపోతుంది అని రాశారు. దాసప్ప ఆ జాబును టీ అంగడిలో చదివి వినిపించాడు. బయ్యన్న, "మామ పేరు రాతి మింద పడితే నేను మీసం తీసేస్తా" అన్నాడు. "అరగుండు గూడా చేసుకో" అన్నాడు దాసప్ప. ఆ రోజు ఇంటికొచ్చి సంగటి తింటూ మాట్లాడాడు. చాలా మాట్లాడాడు. గోడ ఎంత పొడుగు, అక్షరాలు ఎంత లావు, ఎవరి పక్కన ఎవరి పేరు వస్తుంది. రామాంజినమ్మ వింటున్నట్టు కనిపించకుండా వింది. ఏ సామాను మీద ఏ అక్షరాలని ఆమె అడగలేదు. జాబులో ఉన్నది అంతా టోపీ గురించే అనుకుంది.

శశి వచ్చే రోజు పొద్దున దాసప్ప నులకమంచం మీద తెల్లపంచ పరిచి సామాన్లన్నీ పేర్చాడు. ఇత్తడివన్నీ తానే వారం రోజులుగా ఏదో తెల్ల పాలిష్ పెట్టి రుద్దాడు. మూతను మాత్రం గుడ్డ విప్పి నడిమధ్యన పెట్టి, మడకశిర నుంచి శశిని పిలుచుకు రావడానికి బస్సెక్కి పోయాడు.

రామాంజినమ్మ ఇల్లలికి, ముగ్గేసి, కోడి కూర పొయ్యి మీద పెట్టి, మంచం దగ్గరికొచ్చి నిలబడింది. ఈల మెరుస్తోంది. చట్రం మెరుస్తోంది. గంట నాలుక కూడా మెరుస్తోంది. నడుమ ఆ మూత, చావింటి చెంబులా. ముసలాయన చేతులు నొచ్చి దాన్ని వదిలేశాడనుకుంది. బొంబాయి నుంచి మనిషి వచ్చి, రామాంజినమ్మ ఇంట్లో నల్లటి ఇత్తడి చూసి పోతాడా?

ఇన్నేళ్ళలో ఆయన సామాన్లను ఆమె చేత్తో తాకింది ఆ రోజే. అది కూడా సాయం చెయ్యాలని. ట్యాంకరు నీళ్ళు వారానికి నాలుగు బిందెలు వచ్చే ఎండాకాలం. అందులో ఒక బిందె మొత్తం ఆ మూతకే పోసింది. చింతపండు నానేసి పట్టించింది. మసి మొండిది, కదల్లేదు. బూడిద వేసి, కొబ్బరిపీచుతో, చివరికి పొడి ఇటుక రజనుతో పట్టుబట్టి తోమింది. గంటన్నర పట్టింది. మూత బంగారం బిళ్ళలా తేలింది. పైట కొంగుతో తుడిచి, తీసిన చోటనే పెట్టి, కాసేపు చూసుకుని మురిసింది. ఆయన చూసి ఏమంటాడోనని ఎదురు కూడా చూసింది.

పదకొండు బస్సుకు వాళ్ళు దిగారు. శశి ముప్పై ఏళ్ళ వాడు, కాకినాడ పిల్లవాడు, మాటకు ముందొక అండీ వెనకొక అండీ. వెనకాల బయ్యన్నా, టీ అంగడి జనమూ. శశి టోపీ చూశాడు, సాసరు చూశాడు. "ఇంత ఊరి మధ్యలో ఇవన్నీ ఎలా పోగు చేశారండీ? బొంబాయిలో కూడా లేవండీ ఇవి" అన్నాడు. దాసప్ప ఊరివాళ్ళ వైపు ఒక చూపు చూశాడు. అంత గర్వంగా ఆయన చూడడం రామాంజినమ్మ పెండ్లినాడు కూడా ఎరగదు.

"ఆ అక్షరాలున్న మూత ఏదండీ?"

దాసప్ప చెయ్యి చాచి ఆగిపోయాడు. మూతను తీసుకున్నాడు. తిప్పాడు. బోర్లించాడు. ఎండకు పట్టి ఏటవాలుగా చూశాడు. బొటనవేలితో మెల్లిగా తడిమాడు, చీకట్లో ఏదో వెతుకుతున్నట్టు. ఆ తర్వాత తలెత్తి పెండ్లాం చేతులు చూశాడు. గోళ్ళ సందుల్లో బూడిద ఇంకా ఉంది.

కమాండరు చెక్కలేదు. పిన్నుమొనతో మసి మీద గీసి రాశాడు. నల్లని మసి గీచుకుపోయిన చోట ఇత్తడి పసుపుపచ్చగా కనిపించేది. అవే అక్షరాలు. మసి పోతే అక్షరాలకు నిలబడే చోటు లేదు. ఇదంతా ఆమెకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది ఆయన ముఖం మాత్రమే.

"నేనే తోమినా బాబూ" అన్నాడు దాసప్ప. "మీరొస్తాండారని."

శశి తెల్లబోయాడు. "మీరే తోమారా? అక్షరాలు ఉన్నాయని మీకు తెలుసు కదండీ?"

"ముసిలోన్ని. మతి తప్పినాది."

"భలేవోనివి మామా" అన్నాడు బయ్యన్న. "ముప్పయ్యేండ్లు దాచిపెట్టి, సరిగ్గా చూసేవోళ్ళు వచ్చిన పొద్దే తోమినావా? ఉండే అక్షరాలను ఎవురన్నా తోముకుంటారా?"

నవ్వారు. శశి ఒక్కడే నవ్వలేదు. తలుపు పట్టుకుని నిలబడింది రామాంజినమ్మ. మూడూర్ల జనాన్ని నోటితో గెలిచిన మనిషి. తోమింది నేను అనాలి. నాలుగు మాటలు కూడా కాదు. ఆమె తోమిన ఇత్తడికి వంక పెట్టినవాడు అంతవరకూ పుట్టలేదు, ఇప్పుడు తన నోటితోనే, బయ్యన్న ముందర, వంక పెట్టుకోవాలి. మొగుడు ఒక మాట చెప్పాక కాదంటే ఆయన అబద్ధాలకోరు అవుతాడు కదా అని తర్వాత తనకు తాను సర్దిచెప్పుకుంది. అది తర్వాత వండుకున్న సాకు. ఆ నిమిషంలో ఆమె నోరు మూసింది పొగరే.

"ఆధారం లేనిది కమిటీ ఒప్పుకోదండీ" అన్నాడు శశి, చెప్పలేక చెప్పినట్టు. "ఎవరైనా మిమ్మల్ని అక్కడ చూసినవాళ్ళు?"

కేరళలో ఉండే పాత జతగాడు, 'మద్రాసీ స్టీవార్డు ఒకడుండేవాడు, పేరు గుర్తులేదు' అని రాశాడు. పెరేరా పోయి చాలా ఏళ్ళయింది. దాసప్ప ఆ రెండు మాటలూ చెప్పి, "ఈ సామాన్లన్నీ తీస్కపో బాబూ. ఆడ ఉండాల్సినవి" అన్నాడు. మూత కూడా ఇచ్చేశాడు. కోడి కూర ముగ్గురూ తిన్నారు. బాగుందండీ అని శశి రెండుసార్లు అన్నాడు.

ఆమె అడగడానికి నాలుగు నెలలు పట్టింది. ఇద్దరూ వేరుశనగ చెట్లు పీకి కాయలు వలుస్తున్నారు.

"ఏమి రాసింటిరి దాని మింద?"

దాసప్ప ఒక చెట్టు మట్టి దులిపి చెప్పాడు. "'ఓడ మండతాంటే దాసప్ప టీ తెచ్చినాడు. వేడిగా ఉండాది.' అని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టినాడు."

"అంతేనా?"

"అంతే."

ఏదో పెద్ద పొగడ్త ఉంటుందనుకుంది కాబట్టి అంతేనా అంది. అన్నాక నాలుక కరుచుకుంది. దాసప్ప ఇంకో చెట్టు అందుకున్నాడు. తిట్టలేదు, ఆ రోజూ తిట్టలేదు, ఆ తర్వాతా తిట్టలేదు. తిట్టి ఉంటే ఎదురు తిట్టి తేలిక పడేది. "నేను తోమినానని బొంబాయోనికి రాయి" అని చెప్పడానికి ఎన్నోసార్లు నోటిదాకా తెచ్చుకుంది. ఈ పంట కాలం పోనీ అనుకుంది. పండగ పోనీ అనుకుంది. ఒకసారి సగం అన్నది కూడా. "పోనీలేవే, ఇంగేంటికి" అన్నాడు ఆయన. పోనీలే అంటే పోనిచ్చింది. ఆమెకు అదే సుళువు.

రెండువేల ఐదులో హాలు తెరిచారు. కార్డు వస్తే దాసప్ప ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక్కడే పోయి వచ్చాడు.

"పేరు ఉండాదా?" అని గడపలోనే అడిగింది.

"ఉండాది. సామాన్లు ఇచ్చినోళ్ళ బోర్డులో."

"గోడ మింద?"

"పెరేరాది ఉండాది" అన్నాడు చెప్పులు విడుస్తూ. "మంచోడులే, పాపం."

ఆ తర్వాత టీ అంగడికి పోవడం తగ్గించాడు. పోయినా ఓడ మాట ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే వానల సంగతి అడిగేవాడు. రెండువేల ఏడు చలికాలంలో నాలుగు రోజులు జ్వరం వచ్చి పోయాడు.

దివసం అయిన మూడోనాడు రామాంజినమ్మ ఎవరికీ చెప్పకుండా హిందూపురం బస్సెక్కింది. ఎస్టీడీ బూతులో, హాలు తెరిచినప్పుడు వచ్చిన కార్డు చూపించి, దాని మీదున్న శశి నంబరు కలపమంది.

"బండమీదపల్లె దాసప్ప పెండ్లాన్ని మాట్లాడతాండా. ఆయన పోయినాడు."

"అయ్యో. ఎప్పుడండీ?"

"అది వదిలెయ్యి. ఒక మాట చెప్పల్ల నీకు. ఆ మూత ఆయన తోమల్యా. నేను తోమినా. అక్షరాలు ఉండె. నాకు తెలీక తోమినా. ఇది రాసుకో. రాసుకుని ఆయన పేరు ఎక్కించండి."

లైను పోయిందేమోనని ఆమె ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"అమ్మా, ఆ రోజే ఈ ఒక్క మాట చెప్పాల్సిందండీ" అన్నాడు చివరికి. "మీ మాట రాసుకుని, మీ ఇద్దరి చేతా సంతకం పెట్టించుకుని పోయేవాణ్ణి. కమిటీ నమ్మేది. తప్పు తన మీద వేసుకుని ఎవరు అబద్ధం చెప్తారండీ? ఆయనే తోముకున్నానన్నారు కాబట్టే ఎవరూ నమ్మలేదు. నేను రెండుసార్లు అడిగాను కూడా."

"ఇప్పుడు చెప్తాండా కదా."

"గోడ పూర్తయిపోయిందమ్మా. కమిటీ కూడా లేదిప్పుడు. ఆ పని వదిలేసి నాకే రెండేళ్ళవుతోంది."

ఆమె ఫోను పెట్టేసి, బూతువాడు చెప్పిన దుడ్లు ఇచ్చి, బస్టాండుకు నడిచింది. మడకశిర బస్సులో బయ్యన్న ఉన్నాడు. లేచి చోటిచ్చాడు.

"అత్తా, ఈడ కూచో. యాడికి పోయింటివి ఒక్కదానివే?"

కూర్చుంది. కూర్చుని, బస్సులో నలుగురికీ వినబడేలా చెప్పింది. "బయ్యన్నా, ఆ పొద్దు మూత తోమింది మీ మామ గాదు. నేను. దాని మింద కమాండరు అక్షరాలు ఉండె. మీ మామ ఆ ఓడలో ఉండె."

"తెలుసులే అత్తా" అన్నాడు బయ్యన్న మెత్తగా. "ఎవురు కాదన్న్యారు?"

"నువ్వు కాదన్న్యావు. పదేండ్లు కాదన్న్యావు."

"అప్పుడేదో నవ్వులకు అంటాంటిమి. అయినా పెద్దమనిషి, ఇంగ ఆయన్ని అనేదేముండాది."

"అయితే నమ్ముతాండావా?"

"నమ్ముతాండా అత్తా."

అడిగీ అడగకముందే అనేశాడు. రామాంజినమ్మ అతని ముఖం చూసింది. మీ మామ ఆకాశంలో తిరిగినాడని చెప్పినా ఇప్పుడు ఇట్లే తలూపుతాడు. టీ అంగడి ముందు నలుగురిలో, దాసప్ప వింటుండగా రావలసిన మాట అది. ఇప్పుడు చావు పలకరింపు కింద, కాళ్ళు కడుక్కోమని చెంబు ఇచ్చినట్టు ఇస్తున్నాడు.

"నమ్మద్దులే" అంది. "నీ నమ్మకం నాకేంటికి?"

బయ్యన్న నొచ్చుకోలేదు. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి ఏమన్నా పడాలన్నట్టు తలూపి, కిటికీ లోంచి చూస్తూ కూర్చున్నాడు. కండక్టరు వచ్చి యాడికమ్మా అని అడిగితే, ఆమె మాట వినబడక ఊరి పేరు రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.